పాత వ్యాన్‌కు చల్లదనం: ఇంజన్‌కూ, అందులో కూర్చున్న మనిషికీ

(కోసాడ్‌లో జరిగిన తెలుగు సైనిక కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"మీరు ఈఎంఈ వారు కదా, పాత వ్యాన్లను వేసవిలో చల్లగా ఉంచుకోవడం గురించి ఓ అరగంట చెప్పండి" అని కార్యదర్శి గారు నన్ను ఆదేశించారు. ఇలాంటి వేదిక మీద రేడియేటర్ గురించి మాట్లాడటమేమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఒంట్లో బాగోలేకపోతే పాలీక్లినిక్‌కి, నెలకోసారి క్యాంటీన్‌కి, పెళ్లికో పేరంటానికో ఉధ్నా, లింబాయత్‌లలో ఉన్న మన తెలుగు వాళ్ల ఇళ్లకి, మనలో చాలామందికి పాత వ్యానే దిక్కు. అందులో ఎక్కేవాళ్లెవరు? డెబ్భై దాటిన పెద్దలు, చంటిపిల్లలు. కాబట్టి ఇది బండి సంగతి మాత్రమే కాదు, మనుషుల సంగతి.

నేను చెప్పదలచుకున్న ముఖ్యమైన మాట ఒక్కటే. వ్యాన్‌లో ఇంజన్ వేడి వేరు, క్యాబిన్ వేడి వేరు కాదు. రెండూ ఒకటే. ఇంజన్ సంగతి చూడకుండా క్యాబిన్‌కు ఎన్ని హంగులు చేసినా డబ్బు దండగ. అంతేకాదు, ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. అదెలాగో వివరిస్తాను.

ఏ బండిని పాత వ్యాన్ అంటున్నాం?

మనకు బాగా తెలిసిన పాత వ్యాన్లు రెండు. ఒకటి మెటాడోర్. పూణే దగ్గర బజాజ్ టెంపో వారు, అంటే ఇప్పటి ఫోర్స్ మోటార్స్ వారు, 1969లో జర్మన్ నమూనా మీద తయారు చేయడం మొదలుపెట్టారు. రెండోది మారుతి వ్యాన్. 1984లో వచ్చింది, 1988 నుంచి ఓమ్ని అయింది, 2019లో ఉత్పత్తి ఆగిపోయింది. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఇంజన్ ముందు సీట్ల కింద ఉంటుంది.

మన వాడుకలో పాతదంతా వింటేజే. చట్టం మాట వేరు. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి వింటేజ్ హోదా ఇస్తారు. నంబరులో 'వీఏ' అనే అక్షరాలు వస్తాయి. ఆ లెక్కన తొలినాటి మెటాడోర్లకు అర్హత ఉంది, మారుతి వ్యాన్‌కు 2034 దాకా లేదు. అయితే వీఏ నంబరు తీసుకున్న బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనకూ, ర్యాలీకీ, మరమ్మతుకూ తీసుకెళ్లవచ్చు. ఛాసిస్‌నూ, బాడీనీ, ఇంజన్‌నూ మార్చిన బండిని ఆ నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి చల్లదనం కోసం ఏ పని చేయించినా బోల్టుతో బిగించి, రేపు విప్పేసే విధంగా చేయించండి. రేకు కోయించి, వెల్డింగు పెట్టించి చేసిన పని వెనక్కి రాదు.

వేడి ఎక్కడ పుడుతోంది?

పాత ఇంజన్‌లో మనం పోసిన ఇంధనం శక్తిలో మూడో వంతు కూడా చక్రాలకు చేరదు. మిగతాదంతా వేడే. అందులో సుమారు సగం సైలెన్సర్ గుండా బయటికి పోతుంది, మిగిలినదాన్ని రేడియేటర్ నీళ్లు మోస్తాయి.

మనం వాడిన శక్తిమాన్‌లో గానీ, జోంగాలో గానీ ఇంజన్ బోనెట్ కింద, మన కాళ్లకు ముందు ఉండేది. మధ్యలో ఇనుప గోడ. వ్యాన్‌లో ఆ మూతి లేదు. మెటాడోర్‌లో డ్రైవరు పక్కనే డబ్బా లాంటి మూత కింద ఇంజన్ ఉంటుంది. మారుతి వ్యాన్‌లో మనం కూర్చున్న సీటు కిందే ఉంటుంది. నిప్పుల కుంపటి మీద చాప పరుచుకుని కూర్చున్నట్టే అన్నమాట. ఇంజన్ పది డిగ్రీలు ఎక్కువ కాగితే ఆ సంగతి గేజి కన్నా ముందు మన కాళ్లకే తెలుస్తుంది.

జైసల్మేర్ వేడి, కోసాడ్ వేడి

రాజస్థాన్‌లో పనిచేసిన వారికి ఛాగల్ గుర్తుండే ఉంటుంది. కాన్వాసు నీళ్ల సంచి. బండికి బయట వేలాడదీస్తే గాలి తగిలి నీళ్లు కుండలో నీళ్లలా చల్లబడేవి. కిటికీకి తడిపిన వట్టివేళ్ల తడిక కట్టినా అదే సూత్రం. గాలి పొడిగా ఉన్నచోట నీరు త్వరగా ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది.

ఆ ఉపాయం ఇక్కడ అంతగా పనిచేయదు. కోసాడ్ తాపీ నదికి ఉత్తరపు ఒడ్డున, సముద్రానికి దగ్గరలో ఉంది. జూన్ వచ్చేసరికి గాలిలో తేమ బాగా పెరుగుతుంది, ఒంటి మీద చెమటే ఆరదు. తడిగుడ్డ కట్టుకుంటే క్యాబిన్ ఆవిరి స్నానపు గది అవుతుంది. ఇక్కడ మనకు పనికొచ్చేవి మూడే: నీడ, కదిలే గాలి, ఇంజన్ వేడిని లోపలికి రానివ్వకపోవడం.

సూరత్‌కు ప్రత్యేకమైనవి ఇంకో రెండున్నాయి. పవర్‌లూమ్ షెడ్ల దగ్గర తిరిగే బండి రేడియేటర్‌లో దుమ్ముతో పాటు దారపు నూగు కూడా పేరుకుంటుంది. రెండోది, 2006 ఆగస్టు వరదలో ఈ ఊరు మునిగింది. ఆ ముందు నుంచీ ఇక్కడే ఉన్న బండిని కొంటుంటే రేడియేటర్ రెక్కల మధ్య, ఛాసిస్ మూలల్లో ఎండిన ఒండ్రు మట్టి ఉందేమో టార్చి వేసి చూడండి.

ముందు రోగం ఏమిటో తెలుసుకోండి

బండి కాగుతోందనగానే కొత్త రేడియేటర్ వేయించడం మనవాళ్లకు అలవాటు. అది ఆఖరి మాట కావాలి గానీ మొదటి మాట కాకూడదు. ఎప్పుడు కాగుతోందో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది.

అమ్రోలి వంతెన మీద ట్రాఫిక్‌లో నిలబడితే కాగుతోంది, వేగం అందుకోగానే తగ్గుతోంది అంటే గాలి చాలడం లేదు. ఫ్యాను, బెల్టు, ఫ్యాను చుట్టూ ఉండే తొడుగు చూడాలి. ఊళ్లో బాగానే ఉండి హైవే మీద వేగంగా పోతుంటే కాగుతోంది అంటే రేడియేటర్ లోపల పూడిపోయి ఉండవచ్చు, లేదా కింది హోస్ పైపు పీల్పుకు నొక్కుకుపోతూ ఉండవచ్చు. ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే కాగుతుంటే బరువు, టైమింగు, పట్టేసిన బ్రేకులు కూడా చూడాలి.

ఇంకో పరీక్ష. ఇంజన్ వేడెక్కాక పై హోస్, కింది హోస్ తడిమి చూడండి. చేతికి గుడ్డ చుట్టుకోండి, ఫ్యానుకు దూరంగా ఉండండి. పైది మండిపోతూ, కిందిది చల్లగా ఉంటే నీళ్లు తిరగడం లేదు. థర్మోస్టాట్ తెరుచుకోవడం లేదు, లేదా వాటర్ బాడీ పనిచేయడం లేదు, లేదా రేడియేటర్ మూసుకుపోయింది. రెండూ ఒకేలా మండుతుంటే నీళ్లు తిరుగుతున్నాయి గానీ గాలి తగలడం లేదు. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

ఇంజన్ వైపు చేయవలసినవి

ఒకటి, నీళ్లు. బోరు నీళ్లు పోయకండి. ఆ నీళ్లలోని సున్నం కెటిల్ అడుగున పేరుకున్నట్టే ఇంజన్ లోపలా పేరుకుంటుంది. ఆ పొర వేడిని నీళ్లకు చేరనివ్వదు. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి. మనకిక్కడ నీళ్లు గడ్డకట్టే భయం లేదు కదా, కూలెంట్ ఎందుకని అడుగుతారు. తుప్పు పట్టకుండా ఉండటానికి. డబ్బా మీద రాసినంతే కలపండి. ఎక్కువ కలిపితే ఎక్కువ చల్లబడదు. నిజానికి వేడిని మోయడంలో ఉత్త నీళ్లే మేలు.

రెండు, రేడియేటర్ మూత. చిన్న వస్తువని తీసిపారేయకండి. దాని మీద 0.9 అని ఉంటే, లోపల అంత ఒత్తిడి నిలబెడుతుందని అర్థం. ఆ ఒత్తిడిలో నీళ్లు 100 దగ్గర కాకుండా 118 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత రబ్బరు పగిలితే ఆ 18 డిగ్రీల రక్షణ పోయినట్టే.

మూడు, రేడియేటర్ శుభ్రం. ఇంజన్ వైపు నుంచి బయటికి, నెమ్మదైన ధారతో కడగాలి. ముందు నుంచి ప్రెషరు పెట్టి కొడితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది, రెక్కలు వంగిపోతాయి. పాత రాగి, ఇత్తడి రేడియేటర్ అయితే పారేయకండి. విప్పి, లోపల గొట్టాలు శుభ్రం చేసి, టంకం వేసే పనివాళ్లు ఇంకా ఉన్నారు.

నాలుగు, ఫ్యాను తొడుగు. రిపేరుకు విప్పినవాళ్లు మళ్లీ బిగించకుండా వదిలేసే భాగాల్లో ఇది మొదటిది. తొడుగు లేకపోతే ఫ్యాను రేడియేటర్ గుండా గాలి లాగదు, తన చుట్టూ ఉన్న వేడి గాలినే తిప్పుతుంది. బెల్టును బొటనవేలితో నొక్కితే సుమారు పది, పన్నెండు మిల్లీమీటర్లు వంగాలి. కరెంటు ఫ్యాను పెట్టిస్తే ఫ్యూజు, రిలే తప్పనిసరి.

అయిదు, థర్మోస్టాట్. "తీసేయండి సార్, చల్లగా ఉంటుంది" అని చాలామంది మెకానిక్కులు చెబుతారు. ఒప్పుకోకండి. కొన్ని ఇంజన్లలో అది తీసేస్తే నీళ్లు రేడియేటర్‌కు పోకుండా బైపాస్ దారిలోనే తిరుగుతాయి, బండి ఇంకా కాగుతుంది. మిగతా వాటిలో ఇంజన్ కావలసినంత వేడెక్కక అరుగుదల పెరుగుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. అనుమానముంటే గిన్నెలో నీళ్లు కాచి, థర్మామీటరు పెట్టి, దాన్ని దారంతో వేలాడదీయండి. దాని మీద రాసి ఉన్న డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలైతే మంచిదే.

ఆరు, గాలి బుడగలు. వ్యాన్లలో రేడియేటర్ నుంచి ఇంజన్ దాకా పైపులు పొడుగు. నీళ్లు మార్చినప్పుడు గాలి చిక్కుకుంటుంది. బండి ముందు భాగం ఎత్తుగా ఉండేలా వాలు మీద నిలిపి, హీటర్ ఉంటే దాని ట్యాపు తెరిచి, నెమ్మదిగా పోయండి. ఇంజన్ కాసేపు నడిపి, పూర్తిగా చల్లారాక మళ్లీ మట్టం చూడండి.

ఇవన్నీ బాగున్నా కాగుతుంటే, రేడియేటర్‌లో బుడగలు వస్తున్నాయా, ఆయిల్ పాల టీ రంగులోకి తిరిగిందా చూడండి. అలా ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే. ఆ బండిని ఇక నడపకూడదు.

క్యాబిన్ వైపు: మొదట పొగ, తరువాత వేడి

ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినమని కోరుతున్నాను. క్యాబిన్‌లోకి వేడి వచ్చే సందుల్లోంచే ఇంజన్ పొగ కూడా వస్తుంది. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పెట్రోలు బండిలో మరీ ఎక్కువ. అది ఎక్కితే మొదట తలనొప్పి, వికారం, మగత. మే నెలలో వ్యాన్ దిగిన పెద్దాయన తల పట్టుకుంటే మనమేమంటాం? "ఎండదెబ్బ, కాస్త మజ్జిగ ఇవ్వండి" అంటాం. ఎండే కావచ్చు. కానీ బండి ఎక్కినప్పుడల్లా తలనొప్పి వచ్చి, దిగి గాలి పీల్చుకోగానే తగ్గుతుంటే అది ఎండ కాదు, బండి.

అందుకని సందులు మూయక ముందే సైలెన్సర్ దారి అంతా పరీక్ష చేయించండి. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయగానే మానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్ అని చప్పుడు వచ్చినా, జాయింట్ల దగ్గర నల్లని మసి కనిపించినా అక్కడ లీకు ఉన్నట్టే. దాన్ని బాగుచేయకుండా అద్దాలు బిగించి ఏసీ వేసుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. గాలి కోసం వెనుక డోరు తెరిచి నడపడం కూడా కూడదు. కదిలే బండి వెనుక పొగ సుడి తిరిగి లోపలికే వస్తుంది.

ఆ తరువాత ఇంజన్ మూత. చుట్టూ ఉండే రబ్బరు బీడింగు ఎండి రాలిపోయి ఉంటుంది, కొత్తది వేయండి. గేరు లివర్ కింద రబ్బరు తొడుగు, కేబుళ్లు దూరే రంధ్రాలు, పెడళ్ల చుట్టూ సందులు మూయండి. రాత్రిపూట ఇంజన్ గదిలో లైటు పెట్టి క్యాబిన్‌లోంచి చూస్తే ఏ సందు ఎక్కడుందో కనిపిస్తుంది. మూత లోపలి వైపు అల్యూమినియం పూత ఉన్న, నిప్పంటుకోని షీటు అతికించండి. మెరిసే వైపు ఇంజన్‌కు ఎదురుగా, మధ్యలో ఖాళీ ఉండాలి. ఖాళీ లేకుండా తాకితే ప్రయోజనం ఉండదు. గోనెపట్టా, థర్మోకోల్, పాత పరుపు స్పాంజి మాత్రం పెట్టకండి. వాటికి ఆయిల్ తగిలితే అదే దివిటీ. గ్యాసు కిట్టు ఉన్న బండిలో సిలిండర్ దగ్గర గాలి బయటికి పోయే గొట్టాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ మూయకూడదు. సీఎన్జీ సిలిండర్‌కు మూడేళ్లకోసారి పరీక్ష మరవకండి.

పైకప్పు సంగతి. పాత ల్యాండ్‌రోవర్లకు ఉష్ణదేశాల కోసం రెండో కప్పు వేసేవారు. రెండు రేకుల మధ్య గాలి ఆడేది. ఎండ పై రేకు మీదే ఆగిపోయేది. మనం క్యారియర్ మీద పలుచని తెల్లటి ప్లైవుడ్ చెక్క, కింద రెండు అంగుళాల ఖాళీ ఉండేలా బిగిస్తే అదే ఫలితం. కప్పుకు తెల్ల రంగు వేయించినా తేడా తెలుస్తుంది. రంగు మారిస్తే ఆర్సీలో రాయించుకోవాలి.

అద్దాలకు నల్ల ఫిల్మ్ మాట అడుగుతారని తెలుసు. 2012లో సుప్రీంకోర్టు దాని మీద కట్టడి పెట్టింది. అద్దాల గుండా ముందు, వెనుక 70 శాతం, పక్కల 50 శాతం వెలుతురు రావాలనేది నిబంధన. బండి నిలిపినప్పుడు ముందు అద్దానికి లోపలి నుంచి మెరిసే అట్ట పెట్టుకుంటే చాలు.

ఏసీ పెట్టించవచ్చా?

పెట్టించవచ్చు, కానీ ఆఖరున. ఏసీ కంప్రెసర్ ఇంజన్ బలం కొంత తినేస్తుంది. కండెన్సర్ రేడియేటర్ ముందు కూర్చుని, తన వేడి గాలిని దాని మీదికే వదులుతుంది. అసలే కాగుతున్న చిన్న ఇంజన్‌కు అది మూలిగే నక్క మీద తాటికాయ. ముందు చెప్పినవన్నీ చేసి, మే నెల మధ్యాహ్నం ట్రాఫిక్‌లో గేజి నిలకడగా ఉంటే అప్పుడు ఆలోచించండి, అదీ అదనపు ఫ్యానుతో. చాలా బండ్లలో ఆ దశకు వచ్చేసరికి రెండు చిన్న 12 వోల్టుల ఫ్యాన్లతోనే సరిపోతుంది.

దారిలో కాగితే

సాపుతారా ఘాట్ ఎక్కుతున్నప్పుడో, మన ఊళ్లకు పోతూ ధూలే దారిలో కొండాయిబారీ ఘాట్‌లోనో ముల్లు ఎర్రగీత వైపు పోతోందనుకోండి. ఏసీ ఉంటే ఆపండి. హీటర్ ఉంటే పూర్తిగా తెరవండి. వినడానికి విడ్డూరంగా ఉంటుంది గానీ అది రెండో రేడియేటర్‌లా పనిచేస్తుంది. నీడ చూసి నిలపండి. నీళ్లు కారకుండా, ఫ్యాను తిరుగుతుంటే ఒకటి రెండు నిమిషాలు ఇంజన్‌ను మెల్లగా నడవనివ్వండి. ఆవిరి లేచినా, నీళ్లు పోయినా, ముల్లు ఎర్రగీత దాటినా వెంటనే ఆపేయండి. అందరినీ దింపండి. కనీసం అరగంట మూత జోలికి పోకండి. తరువాత కూడా మందపాటి గుడ్డతో, మొహం పక్కకు తిప్పుకుని, మొదటి గాటు దాకా తిప్పి ఆవిరి పోనిచ్చి తీయండి. కాగిన ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ పగులుతుంది.

మనిషి సంగతి

2010 మే నెలలో అహ్మదాబాద్‌లో ఎండ 46.8 డిగ్రీలకు చేరింది. ఆ నెలలో మామూలుకన్నా 1,344 మంది ఎక్కువ చనిపోయారని తరువాత లెక్క తేల్చారు. ఆ అనుభవంతోనే 2013లో ఆ నగరం వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. 2015లో మన తెలుగు రాష్ట్రాల్లోనూ ఎండలకు ఎంతోమందిని పోగొట్టుకున్నాం. మూసి ఎండలో నిలిపిన బండి లోపల అరగంటలోనే బయటికన్నా సుమారు 20 డిగ్రీలు పెరుగుతుంది. బయట 38 అంటే లోపల 55 దాటుతుంది. "రెండు నిమిషాల్లో వచ్చేస్తా" అని పసివాణ్ణి గానీ, నడవలేని పెద్దవారిని గానీ అందులో వదిలి వెళ్లకండి.

మాట తడబడుతున్నా, మనిషి మగతగా ఉన్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బ. నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. 108 సేవ 2005లో మన హైదరాబాద్‌లో మొదలై 2007లో గుజరాత్‌కు వచ్చిందని చెప్పుకోవడం మనకు గర్వకారణం.

ముగింపుగా

సోదరులారా, ఇందులో మీకు కొత్తది ఏమీ లేదు. ఎంటీ పార్కులో మనం రోజూ చేసినదే. బండి తీసే ముందు ఫస్ట్ పరేడ్: నీళ్లు, ఆయిల్, బెల్టు, హోసులు. దారిలో ఆగినప్పుడు హాల్ట్ పరేడ్: కింద చుక్కలు పడుతున్నాయా, ఏదైనా వాసన వస్తోందా. ఇంటికొచ్చాక లాస్ట్ పరేడ్: ఆ రోజు ముల్లు ఎంతదాకా పోయిందో చిన్న పుస్తకంలో రాసుకోవడం. కార్ డైరీ రాసిన చేతులే కదా మనవి! నెల రోజులు రాస్తే బండి తన రోగం తానే చెబుతుంది.

సర్వీసులో ఉన్న తమ్ముళ్లకు ఒక మనవి. సెలవుకు వచ్చినప్పుడు ఇంట్లో ఉన్న పాత వ్యాన్ కింద ఒక్క గంట దూరి చూడండి. సైలెన్సర్ జాయింట్లు, ఇంజన్ మూత బీడింగు, రేడియేటర్ మూత, ఈ మూడూ చూసి వెళ్లండి. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమన్నారు పెద్దలు. ఎండలు ముదరక ముందే ఈ పని అయిపోవాలి. ఆ బండిలో మీ అమ్మగారు, నాన్నగారు కూర్చుంటారు.

సందేహాలుంటే భోజనాల తరువాత బయట నిలిపిన బండ్ల దగ్గరే మాట్లాడుకుందాం.